గోల్‌కీపర్‌కి ఒక్క గొంతు చాలు

ఈ రోజు పొద్దున నా నోటి వల్ల ఒక గోల్ పడింది.

ఆడుతున్నది నేను కాదు. కోచింగ్ మానేసి కూడా కొన్నేళ్లయింది. డబ్లిన్ శివార్లలోని బ్లాంచర్డ్స్‌టౌన్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఉన్న హాకీ క్లబ్‌లో, కంచె బయట టీ కప్పు పట్టుకుని నిలబడ్డ ముసలాణ్ణి. లోపల పదహారేళ్ల లోపు అమ్మాయిల కప్పు మ్యాచ్ జరుగుతోంది. స్కోరు సమానం. ఇంకాసేపు నిలబడితే షూటౌట్‌కి వెళ్లేది. షూటౌట్‌లో మా గోల్‌కీపర్ ఆద్యకి తిరుగులేదు.

అవతలి జట్టు అమ్మాయి ఒకతి కుడివైపు నుంచి బంతి తీసుకుని దూసుకొచ్చింది. అలా వచ్చినప్పుడు ఏం చేయాలో కోచ్ ఓర్లా వారాల తరబడి నేర్పించింది. డిఫెండర్ ఎదురెళ్లాలి, కీపర్ గోల్ ముందే ఉండాలి. ఆద్య సరిగ్గా అలాగే ఉంది. నేనే ఆగలేకపోయాను. "ముందుకు రా తల్లీ, ముందుకు!" అని తెలుగులో కేక పెట్టాను. ఆద్య రెండడుగులు ముందుకు వచ్చింది. ఓర్లా చెప్పింది గుర్తొచ్చిందేమో, ఆగింది. ముందుకీ కాక వెనక్కీ కాక నిలబడిపోయిన ఆ పిల్ల పక్కనుంచి బంతి దొర్లుకుంటూ గోల్‌లోకి వెళ్లింది. గట్టి షాట్ కూడా కాదు.

మ్యాచ్ పోయింది. అంతకంటే బరువైనది ఆ తర్వాత జరిగింది. జట్టంతా ఒకచోట చేరినప్పుడు కియారా అనే డిఫెండర్, గోల్ వదిలి ఎందుకు వచ్చావని ఆద్యని నిలదీసింది. ఆద్య హెల్మెట్ తీసి, తప్పు తనదేనంది. ఇక మీదట వేరే కీపర్‌ని చూసుకోమని కూడా అంది. నా వైపు చూడలేదు. నా కేక అందరూ విన్నారు, అర్థమైంది మాత్రం జట్టులో తెలుగు తెలిసిన ఆ ఒక్క పిల్లకే. వాళ్ల నాన్న శ్రీకాంత్ అప్పటికి కారు తేవడానికి వెళ్లాడు. నిజం తెలిసినవాళ్లం ఇద్దరమే మిగిలాం. అందులో ఒకరు పదిహేనేళ్ల పిల్ల, నన్ను వెనకేసుకొచ్చింది. రెండోవాణ్ణి నేను. చల్లారిన టీ గడ్డి మీద పారబోసి ఇంటికొచ్చేశాను.

కోచింగ్‌లోకి వస్తున్న మన కుర్రవాళ్లకి పనికొచ్చేలా నాలుగు మాటలు రాయమని ఇక్కడి తెలుగువాళ్ల పత్రిక నుంచి చాలాకాలంగా అడుగుతున్నారు. ఇవాళే మొదలుపెడుతున్నాను. గెలిచిన రోజు మొదలుపెడితే గొప్పలు దొర్లుతాయి.

గోడ మీది జనం

నేను ఆట నేర్చుకున్నది సికింద్రాబాద్‌లో. మట్టి మైదానం. గోల్ వెనక పొట్టి గోడ, దాని మీద ఎప్పుడూ జనం. ఆట మానేసిన పెద్దవాళ్లు, షిఫ్టు దిగిన వర్క్‌షాపు పనివాళ్లు, సోడా బండి అతను. వాళ్లందరూ సలహా ఇవ్వదగ్గ మనిషి ఒక్కడే, అందరికంటే దగ్గరగా దొరికేవాడు, గోల్‌కీపర్. మా కోచ్ సారు కూడా అక్కడే నిలబడేవారు. గోల్ పడితే, "ఏందిరా, బాల్ నీకు చుట్టమా? ఇంట్లకు పిల్చి కూసోవెడుతున్నవ్" అనేవారు. గోడ మీద అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

నిజం చెప్పాలంటే నాకు ఆ గోల ఇష్టం. కీపర్ది ఒంటరి పని. బంతి అవతలి కొసన ఉన్నప్పుడు ఆ గొంతులే నాకు తోడు. సారు కూడా చెడ్డవారు కాదు. నా బూట్లు చిరిగితే తన కొడుకు బూట్లు తెచ్చిచ్చిన మనిషి. అయితే ఆయన దగ్గర నేను నేర్చుకున్నది కోచింగ్ కాదు, అరవడం. ఆ రెండూ వేరని తెలియడానికి నా పనికాలంలో సగం పట్టింది.

కరిగిపోయిన ఆట

మా ఆవిడ రూత్ నర్సు. ఆమెకి డబ్లిన్‌లో ఉద్యోగం వస్తే వెంట వచ్చాను. పగలు క్లాండాల్కిన్‌లో ఒక గోడౌన్‌లో కంప్యూటర్ సామాన్లు దించేవాణ్ణి. ఊళ్లోకి కంపెనీలు వరసగా దిగుతున్న రోజులు, లారీలకి ఖాళీ ఉండేది కాదు. సాయంత్రాలు క్లబ్‌లో కోచింగ్. ఇక్కడ మగపిల్లలు హర్లింగ్ అనే ఈ దేశపు కర్రాట, ఫుట్‌బాల్ అంటూ పోతారు, హాకీ ఎక్కువగా ఆడపిల్లల ఆట. వాళ్లలోనూ సగం మంది ముందు కమోగీ, అంటే ఆడపిల్లల హర్లింగ్, ఆడి వచ్చినవాళ్లు. ఆ ఆట అలవాటుతో కర్రని భుజం దాకా ఎత్తి కొట్టేవారు. నా మొదటి ఏడాదంతా ఆ కర్రలు కిందికి దించడంతోనే సరిపోయింది.

అప్పుడే ఎస్కో వచ్చాడు. ఫిన్లాండ్ మనిషి. మంచు మీద హాకీ ఆడినవాడు, నాలాగే గోల్‌కీపర్. మోకాలు పోయాక అక్కడే పిల్లలకి కోచ్ అయ్యాడు. ఫోన్ల సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీ అతని భార్యని డబ్లిన్ పంపిస్తే, అతనూ వచ్చాడు. ఇద్దరం భార్యల ఉద్యోగాల వెనక వచ్చినవాళ్లమని తెలిశాక మా మధ్య చనువు పెరిగింది. మరి నీ ఆట సంగతేమిటని అడిగాను. ఈ ఊళ్లో మంచు మైదానం లేదు కదా అని నా ఉద్దేశం.

"కరిగిపోయింది" అన్నాడు. నవ్వలేదు.

క్లబ్ అతన్ని ప్రధాన కోచ్‌గా పెట్టుకుంది. నాకు బాస్ అయ్యాడు. నేను చూసిన బాసుల్లో అతి తక్కువ మాట్లాడినవాడు అతనే. మ్యాచ్ జరుగుతుంటే చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడేవాడు. వచ్చిన కొత్తలోనే తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టి ఒక నియమం చెప్పాడు. గోల్‌కీపర్ చెవిలో పడాల్సింది ఒక్క గొంతే, అది ఎవరిదో మ్యాచ్‌కి ముందే తేల్చుకోవాలి, తక్కినవాళ్లు చప్పట్లతో సరిపెట్టుకోవాలి. ఇంకో అలవాటు కూడా వాళ్ల ఊరి నుంచి తెచ్చాడు. గోల్ పడగానే జట్టులో ఎవరో ఒకరు కీపర్ దగ్గరికి వెళ్లి, కాళ్ల ప్యాడ్ల మీద కర్రతో రెండుసార్లు తట్టాలి. మాట అనకూడదు, తట్టి వెళ్లిపోవాలి.

గోల్ ఇచ్చినందుకు శభాష్ అంటున్నామా అని వాదించాను.

"శభాష్ కాదు," అన్నాడు. "నువ్వింకా మాతోనే ఉన్నావని చెప్పడం."

నాకు ఎక్కలేదు. ఈయన నోట్లో మంచుగడ్డ ఉన్నట్టుందని ఇంటికొచ్చి రూత్‌తో అన్నాను. ఆమెది గుంటూరు వైపు, మాట దాచుకోదు. "మీ నోట్లో మైకుంది. ఇద్దర్నీ కలిపి చెరి సగం చేస్తే ఒక మంచి కోచ్ తేల్తాడు" అంది. ఆ మాట నిజమేనని ఒప్పుకోవడానికి నాకు కార్లో అనే ఊళ్లో ఆడిన మ్యాచ్ దాకా ఆగాల్సి వచ్చింది.

కార్లోలో

ఇవాళ కోచ్‌గా ఉన్న ఓర్లా అప్పుడు పద్నాలుగేళ్ల పిల్ల, మా గోల్‌కీపర్. ఒక శీతాకాలం కార్లో వెళ్లి ఆడాం. వర్షం, ఎదురుగాలి. ఆ రోజు ఆమెకి ఏదీ కలిసిరాలేదు. గోల్ మీద గోల్ పడింది. జట్టు బాధ్యత నాది, ఎస్కో ఊరికే చూడ్డానికి వచ్చాడు. సగం ఆట కాకుండానే ఓర్లాని బయటికి పిలిచి వేరే అమ్మాయిని పంపాను.

సికింద్రాబాద్‌లో మా మైదానంలో కీపర్ని ఆట మధ్యలో మార్చడమంటే నలుగురిలో తల తీసేసినట్టే. అది నాకు తెలుసు కాబట్టే, బయటికి వస్తున్న ఆ పిల్ల మొహం చూడలేక ఆట వైపు తిరిగిపోయాను. ఆమె గ్లవ్స్ కూడా విప్పకుండా బెంచీ మీద కూర్చుంది. కాసేపటికి ఎస్కో వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఏదో ఒక కర్ర తీసుకుని ప్యాడ్ల మీద రెండుసార్లు తట్టాడు. మ్యాచ్ అయ్యేదాకా లేవలేదు.

తిరిగి వస్తుంటే వ్యాన్‌లో నాతో అన్నాడు. మంచు హాకీలో కీపర్ని మార్చడం మామూలే, ఆ రోజు అతనిది కాదంటే మార్చేస్తారు, అందులో తప్పు లేదు. "కానీ మార్చడం సగం పనే. పక్కన కూర్చోవడం మిగతా సగం."

చాలా ఏళ్ల తర్వాత ఓర్లా నా దగ్గరే సహాయ కోచ్‌గా చేరింది. ఒకరోజు ప్యాడ్లు ఆరబెడుతూ, కార్లో గుర్తుందా అని అడిగాను. నా మనసులో భారం దించుకుందామని. "స్కోరు గుర్తులేదు," అంది. "మీ వీపు గుర్తుంది." అని నవ్వేసింది కూడా. ఆ నవ్వు వల్లే బతికిపోయాను.

మీరు కోచ్‌లు అయ్యాక పిల్లలకి చాలా చెబుతారు. వాళ్లు అందులో ఏది దాచుకుంటారో మీ చేతిలో ఉండదు. కొన్నిసార్లు మీ వీపే దాచుకుంటారు.

మన భాష మనకే తెలుసని

ఆ తర్వాత ఈ పరిసరాలే మారిపోయాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో మనవాళ్లు కుటుంబాలతో సహా దిగారు. శనివారం పొద్దున క్లబ్ బల్ల మీద హ్యామ్ శాండ్‌విచ్‌ల పక్కన పులిహోర డబ్బాలు కనిపించేవి. నా జీవితంలో బాగున్న రోజులంటే అవే. ఒకటిరెండేళ్లలోనే పిల్లల్లో మనవాళ్లు బాగా పెరిగారు. ఇంగ్లీషులోనే జవాబు చెప్పేవారు గానీ తెలుగు బాగా అర్థమయ్యేది.

అక్కడ నాకొక తెలివి పుట్టింది. ఎస్కో ఒక్క గొంతు అన్నాడు గానీ ఏ భాషో చెప్పలేదు కదా. కీపర్ మన పిల్లవాడైతే తెలుగులో కేకలు వేయడం మొదలుపెట్టాను. ఎడమకి జరుగు, కిందికి వంగు, వదిలెయ్ అది బయటికి పోతది. అవతలివాళ్లకి ముక్క అర్థం కాదు. రెండు మూడు మ్యాచ్‌లు అలా గెలిచాం. ఇది మన బ్రహ్మాస్త్రమని తల్లిదండ్రుల దగ్గర చెప్పుకుని తిరిగాను. మన డిఫెండర్లకి కూడా అర్థం కావట్లేదని ఓర్లా ఒకసారి అంది. నేను వినిపించుకోలేదు.

ఒక మ్యాచ్‌లో అవతలి ఫార్వర్డ్ బంతితో వస్తుంటే, "ఎడమకి, ఎడమకి" అని అరిచాను. వాడు చూడ్డానికి తెల్లగా, పొడుగ్గా ఉన్నాడు, మనవాడనుకోలేదు. మా కీపర్ ఎడమకి జరిగాడు, వాడు తాపీగా కుడివైపు కొట్టాడు. పరిగెత్తుకుంటూ వెళ్తూ నా దగ్గర ఆగి, "థాంక్స్ అంకుల్, మాది భీమవరం" అన్నాడు.

కంచె బయట మనవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. ఇక తెలుగులో అరవనని ఆ రోజే అందరి ముందూ ఒట్టేసుకున్నాను. ఇవాళ పొద్దున దాకా నిలబెట్టుకున్నాను.

మంచు దున్నే మనిషి

ఎస్కో తిరిగి ఫిన్లాండ్ వెళ్లిపోయే ముందు ఒక సంగతి చెప్పాడు. అతని నోట అంత పొడుగు మాట వినడం నాకు అదే మొదలు, అదే చివర.

వాళ్లది చిన్న ఊరు. వాళ్ల నాన్న మంచు మైదానంలో పనిచేసేవాడు. ఆట మధ్య విరామాల్లో యంత్రం మీద కూర్చుని మంచుని నున్నగా చేసేవాడు. మ్యాచ్ నడుస్తుంటే గోల్ వెనకున్న తలుపు దగ్గర యంత్రం పక్కనే నిలబడి కొడుక్కి చెబుతూ ఉండేవాడు. ఒక పెద్ద మ్యాచ్‌లో అలాగే ఏదో అరిచాడు. ఎస్కో తల తిప్పాడు. గోల్ పడింది, ఓడిపోయారు. ఆ మర్నాటి నుంచి వాళ్ల నాన్న మ్యాచ్‌ల రోజు రాలేదు. మంచు పని వేరేవాళ్లకి అప్పజెప్పేవాడు. ఎస్కో ఆడినన్నాళ్లూ మళ్లీ అతని ఆట చూడలేదు. ఆయన చనిపోయేదాకా ఇద్దరూ ఆ గోల్ మాట ఎత్తలేదు.

"ఆయన నాకు మేలు చేశాననుకున్నాడు" అన్నాడు ఎస్కో. "తలుపు దగ్గర ఎవరూ లేకపోవడమే నాకు ఎక్కువ వినపడేది."

నేను అతన్ని మౌనంలో దిట్ట అనుకున్నాను. ఆ మౌనం అతన్ని కూడా తిన్నదని ఆ రోజు తెలిసింది.

ఇక్కడిదాకా రాసి పెన్ను పక్కన పెట్టాను. ఎందుకంటే మధ్యాహ్నం అన్నం దగ్గర నేను రూత్‌తో అన్నది కూడా అదే. ఇక ఆ గ్రౌండ్ వైపు వెళ్లను, నాకు అదే శిక్ష అన్నాను.

ఆమె చారు పోస్తూ, "మీరు ఇంట్లో కూర్చుంటే ఆ పిల్లకి ఏం ఒరుగుద్ది?" అంది.

నేను అన్నం తిని రాయడానికి కూర్చున్నాను. ఆమె అడిగినదానికి జవాబు ఎస్కో వాళ్ల నాన్న గురించి రాశాక దొరికింది.

ముందు శ్రీకాంత్‌కి ఫోన్ చేశాను. మన పద్ధతి అదే కదా, పిల్లలతో పని పడితే పెద్దవాళ్లతో మాట్లాడతాం. జరిగింది చెబితే, "అయ్యో అంకుల్, మీరు సారీ చెప్పుడేంది? ఆటన్నాక గోల్ పడతది. నేను చెప్తలే దానికి, మంగళారం ప్రాక్టీసుకు తోలుకొస్త" అన్నాడు. ఫోన్ పెట్టాక అర్థమైంది, ఆ పిల్ల చెవిలో ఇంకో గొంతు పెట్టానని. వెంటనే ఓర్లాకి చేసి, నేనేమని అరిచానో ఇంగ్లీషులో చెప్పాను.

"అరిచింది మీరని తెలుసు," అంది. "ఏమన్నారో తెలియలేదు. నాకు చెప్పడం బాగుంది. కానీ ఆద్యని అడిగింది నేను కాదు, జట్టు."

అలాగేనన్నాను. కోటు వేసుకుని ఆద్య వాళ్లింటికి నడిచాను.

శ్రీకాంత్ టీ పెడతానంటే వద్దని, ఆద్యతో మాట్లాడాలన్నాను. మెట్ల మీద కూర్చుని ఉంది. తప్పు నాదమ్మా, నువ్వు సరిగ్గానే నిలబడ్డావు అన్నాను. "ఇట్స్ గ్రాండ్, అంకుల్" అంది, పర్లేదన్నట్టు, కళ్లు ఎత్తకుండా. మరి నా సంగతి ఓర్లాకి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మిమ్మల్ని మ్యాచ్‌లకి రావద్దంటారేమోనని," అంది ఇంగ్లీషులో. "మీకు ఇష్టం కదా."

మంగళవారం వస్తావా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అది ఆమె తేల్చుకోవాల్సిన సంగతి.

మంగళవారం

ఈ ముక్క మూడు రోజుల తర్వాత రాస్తున్నాను.

గ్రౌండ్‌కి అందరికంటే ముందే వెళ్లాను. అమ్మాయిలు చేరాక ఓర్లా నన్ను మధ్యలో నిలబెట్టి పక్కకి తప్పుకుంది. శనివారం నేను తెలుగులో ముందుకు రమ్మని అరిచానని, అందుకే ఆద్య కదిలిందని, అడగాల్సింది ఆమెని కాదు, నన్నని చెప్పాను. ఇన్నేళ్లలో ఎన్నో జట్ల ముందు మాట్లాడాను. ఇలాంటి మాట ఎప్పుడూ చెప్పలేదు.

కియారా బూటుతో టర్ఫ్‌ని గీకుతూ ఉంది. తల ఎత్తి, ఆ మాటలు ఏమిటో మళ్లీ చెప్పమంది. చెప్పాను. ఆమె పలకబోయి తడబడింది, పక్కమ్మాయి ఇంకా అన్యాయంగా పలికింది, అందరూ నవ్వారు. తర్వాత కియారా కార్లు నిలిపే చోటు వైపు చూసింది. శ్రీకాంత్ కారు అక్కడుంది. ఆద్య లోపల కూర్చునే ఉంది.

ఓర్లా షెడ్డులోంచి ప్యాడ్లు తెచ్చి నా కాళ్ల ముందు వేసింది. "కీపర్ లేదు. గోల్ ఖాళీగా ఉంచొద్దని మీరే కదా నేర్పింది" అంది.

నా మోకాళ్ల నొప్పుల సంగతి ఆమెకి తెలుసు. మెల్లగా కొట్టమని పిల్లలకి సైగ చేసింది కూడా. కియారా వంగి నా పట్టీలు బిగించింది. హెల్మెట్ పెట్టుకున్నాను. మొదటి బంతి వచ్చింది. కంచె దగ్గర కారు దిగి నిలబడ్డ శ్రీకాంత్, "అంకుల్, లెఫ్ట్, లెఫ్ట్!" అని అరిచాడు. ఎడమకి కదిలాను. బంతి కాళ్ల మధ్యలోంచి పోయింది. దాంతోపాటు నేనూ కూలబడ్డాను.

"డాడ్. డోంట్," అన్న గొంతు వినిపించింది.

నేనింకా లేవడానికి తంటాలు పడుతుండగానే ఆద్య కర్ర పట్టుకుని టర్ఫ్ మీదుగా నడిచి వచ్చింది. నా ముందు నిలబడి ప్యాడ్ల మీద రెండుసార్లు తట్టింది. అలవాటు ప్రకారం తట్టాక ఏమీ అనకుండా వెళ్లిపోవాలి. ఆమె వెళ్లలేదు.

"లేవండి అంకుల్. ప్యాడ్లు ఇవ్వండి" అంది, తెలుగులో.

విప్పి ఇచ్చాను. ఆ సాయంత్రం ఆమె ఎన్ని ఆపిందో, ఎన్ని వదిలిందో నాకు తెలియదు. ఇంటికి మాత్రం పోలేదు. ఓర్లా గొంతు ఒక్కటే వినిపించేంత దూరంలో, కానీ ఆద్య తల తిప్పితే కనబడేంత దగ్గరలో, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాను.